నలభై పైంట్ల బీర్ కిట్: బకెట్ మంచిదే, లోపలి కాగితాన్నే నమ్మకూడదు

ముందే చెప్పేస్తున్నాను. యాభై అయిదు పౌండ్లు పెట్టి కొన్న ఈ కిట్‌లో బకెట్ బాగుంది, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) పాకం డబ్బా బాగుంది, ఈస్ట్ ఫర్వాలేదు. పనికిరానిది వాడే విధానం రాసి లోపల పెట్టిన కాగితం. అందులో ఉన్నది ఉన్నట్టు చేస్తే పల్చగా, కాస్త పుల్లగా, తాగినవాళ్లు మొహమాటానికి "బాగుందండీ" అనే బీరు వస్తుంది. ఆ కాగితాన్ని పక్కన పడేసి, ఇంకో ఇరవై పౌండ్లు సరైన చోట ఖర్చు పెడితే మాత్రం నలుగురికీ ధైర్యంగా పోయొచ్చు.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో రీడింగ్. నేను ఫుడ్ ల్యాబ్‌లో మైక్రోబయాలజీ చూస్తాను. పెరుగులో ఈస్ట్ ఎంతుంది, జ్యూస్‌లో బూజు ఎంతుంది అని లెక్కపెట్టడమే నా ఉద్యోగం. ఇంట్లో తాగేది మా ఆయన. నాకు సగం గ్లాసు చాలు. అయినా కిట్ కొన్నది నేనే. ల్యాబ్‌లో వద్దనుకుని చంపే ఈస్ట్‌ని ఒక్కసారైనా ముద్దుగా పెంచి చూద్దామనిపించింది. పబ్‌లో పైంటు (అరలీటరు కంటే కాస్త ఎక్కువ) అయిదు పౌండ్లు దాటిందని మా ఆయన నెలాఖరుల్లో పెట్టే మొహం కూడా ఒక కారణమే అనుకోండి.

చట్టం సంగతి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే అందరూ అదే అడుగుతారు. బ్రిటన్‌లో 1880 నుంచి ఇంట్లో బీరు కాచుకోవాలంటే లైసెన్సు ఉండాలనేవారు. 1963 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశారు. అప్పటి నుంచి సొంతానికి ఎంత కాచుకున్నా పన్ను లేదు, అనుమతి అక్కర్లేదు, అమ్మడం మాత్రం కుదరదు. తర్వాతి రోజుల్లో మందుల షాపు బూట్స్‌లో కూడా ఈ కిట్లు అమ్మేవారు. మొన్నమొన్నటిదాకా చవకగా కావాలంటే విల్కోకి వెళ్లేవాళ్లు, 2023లో ఆ షాపులు మూతపడ్డాయి. మన ఊళ్లో ఉన్నవాళ్లు మాత్రం ఇది చదివి సరదాపడి ఊరుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయడం నేరం. బకెట్టా బిందెనా అని ఎవరూ చూడరు.

నాది ఓ హోమ్‌వేర్ షాపు సొంత బ్రాండు కిట్. పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, ఇలాంటివన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. పాతిక లీటర్ల తెల్ల ప్లాస్టిక్ బకెట్, మూత, మూతకి పెట్టే, గ్యాసుని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్, పొడుగు ప్లాస్టిక్ గరిటె, హైడ్రోమీటర్ (మామూలు నీళ్లలో 1.000, తీపి ఉన్నకొద్దీ ఎక్కువ చూపించే కొలత), రబ్బరు గొట్టం, బకెట్‌కి అంటించే థర్మామీటర్ పట్టీ, క్రిమిసంహారక పొడి పొట్లం, 1.7 కిలోల మాల్ట్ పాకం డబ్బా. ఆ డబ్బా మూత కింద ఏడు గ్రాముల ఈస్ట్ పొట్లం. సీసాలు లేవు. పెట్టె మీద బొమ్మలో సీసాలున్నాయి, లోపల లేవు. బొమ్మ కింద చీమతలంత అక్షరాల్లో "సీసాలు విడిగా కొనాలి" అని ఉంది.

పని చూస్తే అరగంటది. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, వేడినీళ్లలో నానబెట్టి తీపి దింపి, చేదు పూలైన హాప్స్‌తో కాచి చేదు పట్టించి, తేనె పాకంలా చిక్కబరిచి డబ్బాలో పోసేదాకా ఫ్యాక్టరీవాళ్లే చేసేశారు. మనం ఆ డబ్బాని వేడినీళ్లలో కాసేపు ఉంచి, బకెట్‌లో ఒంపి, మూడు లీటర్ల మరుగునీళ్లతో కలిపి, చన్నీళ్లతో 23 లీటర్లకి తెచ్చి, ఈస్ట్ చల్లి మూత పెట్టడమే. దీన్ని వంట అనడానికి నాకు మనసొప్పదు. కానీ మొదటిసారి చేసేవాళ్లకి ఇదే మంచిది, ఎందుకంటే బీరు చెడిపోయేది కాచేటప్పుడు కాదు, ఆ తర్వాతే.

ఇప్పుడు కాగితం మీద నా మొదటి ఫిర్యాదు. "ఒక కిలో చక్కెర వేయండి" అంటుంది. వేస్తే ఈస్ట్ ఆ చక్కెర మొత్తాన్ని తినేసి ఆల్కహాల్ చేస్తుంది, రుచికంటూ ఏమీ మిగల్చదు. ఒంట్లో బలం లేని బీరు వస్తుంది. చక్కెర బదులు అదే కిలో స్ప్రేమాల్ట్ వేయాలి. ఎండబెట్టి పొడి చేసిన మాల్టే అది, హోమ్‌బ్రూ షాపుల్లో పన్నెండు పౌండ్లకి దొరుకుతుంది. మాల్ట్‌లో ఈస్ట్ తినలేని పిండి పదార్థాలు కొన్ని మిగిలిపోతాయి, నాలుక మీద బీరు నిలబడేది వాటివల్లే.

కాకపోతే ఆల్కహాల్ కొంచెం తగ్గుతుంది. చక్కెరతో మొదలుపెడితే హైడ్రోమీటర్ 1.039 దగ్గర ఉండి చివరికి 1.007కి దిగింది. తేడాని 131తో గుణిస్తే 4.2 శాతం. స్ప్రేమాల్ట్‌తో 1.038 నుంచి 1.010కి, అంటే 3.7. "చక్కెరదే నయం కదండీ, కిక్ ఎక్కువ" అన్నారు మా ఆయన ఆఫీసు స్నేహితుడొకాయన. ఆయన గ్లాసులో చక్కెరది పోశాం, రెండోసారి అడగలేదు. శాతమూ కావాలి, రుచీ కావాలంటే 23 లీటర్లకి బదులు 20 లీటర్ల దగ్గర నీళ్లు ఆపేయండి. 1.044 వస్తుంది, 1.012 దగ్గర ఆగుతుంది, మళ్లీ అదే 4.2. అయిదు పైంట్లు తగ్గుతాయి. పెట్టె మీద "40 పైంట్లు" అని గొప్పగా వేసుకున్నారు కాబట్టి ఈ సలహా మాత్రం కాగితంలో ఎప్పటికీ రాదు.

నీళ్ల గురించి ఒక్క ముక్క. రీడింగ్ నీళ్లు ఎంత గట్టివో మా కెటిల్ అడుగున పేరుకున్న సున్నం చూస్తే తెలుస్తుంది. డబ్బా బీరుకి దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా క్లోరిన్‌తోనే. అది మాల్ట్‌లోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది, బీరు ఆసుపత్రి వరండా వాసన కొడుతుంది. చాలా తక్కువ మోతాదులోనే ముక్కు పట్టేస్తుంది. క్యాంప్‌డెన్ మాత్ర ఒక్కటి తెచ్చి సగం విరిచి, పొడి చేసి, బకెట్ నీళ్లలో ముందుగా కలిపితే క్లోరిన్ పోతుంది. మాత్రల సీసా రెండు మూడు పౌండ్లు. కాగితంలో ఈ ఊసే లేదు.

శుభ్రత దగ్గర నేను కాస్త చాదస్తురాలినే, ఒప్పుకుంటాను. కడగడం వేరు, క్రిములు లేకుండా చేయడం వేరు. మురికి ఉన్నచోట ఏ మందూ పనిచేయదు, కాబట్టి ముందు కడగాలి, తర్వాతే మందు. కిట్‌లో ఇచ్చిన పొడి పనిచేస్తుంది కానీ మళ్లీ నీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఆ కడిగే నీళ్లు కుళాయివే కదా, చేసిన పనంతా అక్కడ తేలిపోతుంది. దానికంటే కడగక్కర్లేని ఫాస్ఫోరిక్ యాసిడ్ రకం ద్రావణం కొనుక్కోండి. నురగ వస్తుంది, నురగ చూసి భయపడకండి, అది ఉన్నా ఫర్వాలేదు. కోలా డ్రింకుల్లో పులుపు కోసం వేసేది కూడా ఆ యాసిడే. ఒక సీసా ఏడాది వస్తుంది. బకెట్ లోపల గరుకు స్పాంజితో మాత్రం తోమొద్దు. ప్లాస్టిక్ మీద పడే గీతల్లో బాక్టీరియా కాపురం పెడితే ఇక ఏ మందుకీ రాదు.

ఇంతకంటే ముఖ్యమైనది వేడి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే అని నా అనుమానం. ఈ దేశంలో చలికాలం ఇడ్లీపిండి పొంగక, అవెన్‌లో లైటు వేసి రాత్రంతా పెట్టే అలవాటు మనందరికీ ఉంది. పులియాలంటే వెచ్చగా ఉండాలి అని చేతికి అలవాటైపోయింది. ఇడ్లీపిండికి 30 డిగ్రీలు హాయి. బీరు ఈస్ట్‌కి 18 నుంచి 20 చాలు. పాతిక దాటితే అది పరుగులు పెట్టి, గోళ్లరంగు వాసనలూ తలనొప్పి ఆల్కహాల్సూ తయారుచేస్తుంది. పైగా పులిసేటప్పుడు తనే వేడి పుట్టించుకుంటుంది, గది 19 ఉంటే బకెట్ లోపల 22 ఉండొచ్చు. అందుకే అంటించే థర్మామీటర్ పట్టీ ఈ కిట్‌లో నాకు బాగా నచ్చిన వస్తువు. ధర చూస్తే పౌండు కూడా ఉండదు. కాగితం మాత్రం "వెచ్చని చోట ఉంచండి" అని వదిలేసింది. వేడినీళ్ల ట్యాంకు ఉన్న అల్మరాలో పెట్టమని కూడా కొందరు చెప్తారు. మా ఇంట్లో ఆ అల్మరా 28 ఉంటుంది, తువాళ్లు ఆరబెట్టుకోవడానికి బాగుంటుంది.

మేం మెట్ల కింద అరలో పెట్టాం. అక్కడ రాత్రి హీటింగ్ ఆగినా పెద్దగా మారదు, ఎండ తగలదు. అప్పుడు మా అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చి ఉన్నారు. రెండోరోజు రాత్రి ఎయిర్‌లాక్ గుడగుడ మొదలైంది.

"ఏవిట్రా మెట్ల కింద ఆ చప్పుడు?" అన్నారు.

"వెనిగర్ అమ్మా, ఊరగాయల్లోకి" అన్నాడు మా ఆయన.

"మీ నాన్నగారూ దింపు రోజున కొబ్బరితోట నుంచి వచ్చి, మజ్జిగ తాగానే అనేవారు" అని ఆవిడ టీవీ వైపు తిరిగిపోయారు. తర్వాత నాతో విడిగా, "ఎండలో పెట్టకమ్మా, పులిసి పాడవుతుంది" అన్నారు. ఆవిడకి తెలిసినది కల్లు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటు, సాయంత్రానికి పులుపు. దానిలో ఈస్ట్‌తోపాటు గాలిలోంచీ, కుండలోంచీ వచ్చిన బాక్టీరియా కూడా పనిచేస్తుంది. బీరులో మనం ఒక్క ఈస్ట్‌కే చోటిచ్చి మిగతావాటికి తలుపేస్తాం కాబట్టి అది నెలల తరబడి నిలవుంటుంది. అయినా కిట్ కాగితం కంటే ఆవిడ చెప్పిందే సరైన మాట.

ఎయిర్‌లాక్ గుడగుడ ఆగగానే సీసాల్లో పోసేయమంటుంది కాగితం, "ఆరు రోజులు" అని లెక్క కూడా ఇస్తుంది. ఇది ఉత్త తప్పు సలహా కాదు, ప్రమాదం. చవక బకెట్ల మూతలు పూర్తిగా బిగవవు, గ్యాసు పక్కనుంచి పోతుంది. లోపల పులుస్తూనే ఉన్నా ఎయిర్‌లాక్ మూగగా ఉండొచ్చు. ఇంకా తీపి మిగిలిన బీరుని సీసాలో పోసి మూత బిగిస్తే, లోపల గ్యాసు పెరిగి పెరిగి గాజు పగులుతుంది. దాన్నే బాటిల్ బాంబ్ అంటారు, కళ్లు పోయే వ్యవహారం. నమ్మాల్సింది హైడ్రోమీటర్‌నే. రెండు రోజుల తేడాలో చూసిన రెండు రీడింగులూ ఒకటే ఉండి, అవి 1.012 దగ్గర గానీ ఇంకా కింద గానీ ఉంటే అప్పుడు సీసాలు. నేనైతే పద్నాలుగు రోజులు కదపకుండా వదిలేస్తాను. ఈస్ట్ తను చేసిన చెత్త వాసనల్లో కొన్నిటిని ఆ రెండోవారంలో తనే సర్దుకుంటుంది, మడ్డి కూడా గట్టిగా అడుగుకి దిగుతుంది.

హైడ్రోమీటర్ మాట వచ్చింది కాబట్టి: కొనగానే 20 డిగ్రీల మామూలు నీళ్లలో వేసి చూడండి, 1.000 చూపించాలి. నా కిట్‌లోది 1.002 చూపిస్తోంది. పారేయక్కర్లేదు, ప్రతిసారీ రెండు తీసేసుకుంటే సరి. పైన చెప్పినవన్నీ అలా సరిచేసిన అంకెలే. ల్యాబ్‌లో ఇలాంటి పరికరానికి ఎర్ర స్టిక్కర్ పడుతుంది, ఇంట్లో వేలితో లెక్కపెట్టుకుంటాం.

బకెట్‌కి కుళాయి లేకపోవడం ఈ కిట్‌లో అసలైన లోటు. రబ్బరు గొట్టం ఒక కొన బీరులో పెట్టి, రెండో కొన నోటితో పీల్చి ధార మొదలుపెట్టమంటుంది కాగితం. రెండు వారాలు క్రిమి చొరకుండా కాపాడిన బీరులోకి నోట్లోని పులుపు బాక్టీరియా లాక్టోబాసిల్లస్‌ని పిలిచి కూర్చోబెట్టడం! గొట్టం నిండా నీళ్లు నింపి, కొన వేలితో మూసి కిందికి వదిలితే అదే పని జరుగుతుంది. ఇంకో నాలుగు పౌండ్లు పెట్టి కుళాయి కొని బకెట్‌కి రంధ్రం చేసుకుంటే మరీ సుఖం. ఆ కుళాయికి తగిలించే బాటిలింగ్ కడ్డీ ఉంటుంది, సీసా అడుగుకి ఆనిస్తే ధార వస్తుంది, ఎత్తితే ఆగుతుంది. నేల తడవదు, గాలి కలవదు.

ఇక సీసాలు. 20 లీటర్లకి, మడ్డి పోగా, అరలీటరు సీసాలు ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో కావాలి. ఇక్కడ సూపర్‌మార్కెట్లలో ఏల్ బీర్లు ఎక్కువగా గోధుమరంగు అరలీటరు గాజు సీసాల్లోనే వస్తాయి. అవి తాగి దాచుకుంటే చాలు, ఆ బాధ్యత మా ఆయన మనస్ఫూర్తిగా తీసుకున్నాడు. లేబుళ్లు ఊడటానికి వాషింగ్ సోడా వేసిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పారదర్శకమైన సీసాలూ పచ్చ సీసాలూ వద్దు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి కంపు కొడుతుంది, గోధుమరంగు గాజు దాన్ని చాలావరకు ఆపుతుంది. వైన్ సీసాలు అసలే వద్దు, ఆ ఒత్తిడికి తట్టుకునేలా చేసినవి కావవి. మొదటిసారికి, చీకట్లో ఉంచితే, కోలా ప్లాస్టిక్ సీసాలు కూడా మంచివే, నొక్కి చూస్తే గ్యాసు ఎంత పట్టిందో వేలికే తెలుస్తుంది. ఒక్కో అరలీటరుకి చదునుగా అర టీస్పూన్ చక్కెర, మూత, రెండు వారాలు గదిలో, తర్వాత చల్లటిచోట. ఈ చక్కెర రుచికి కాదు, సీసాలో గ్యాసుకి.

బీరు కాయడం అంటే తొంభై పాళ్లు గిన్నెలు తోమడమే అని ఎవరూ ముందు చెప్పరు. సీసాలు కడిగే ఆదివారం పొద్దున్న ఇద్దరూ ఉంటేనే ఈ పని పెట్టుకోండి.

రుచి సంగతి. కిట్‌తో వచ్చినది లాగర్ డబ్బా. అసలు లాగర్‌కి వేరే జాతి ఈస్ట్ కావాలి, అది పది పన్నెండు డిగ్రీల చలిలో నెమ్మదిగా పులిసి, వారాలపాటు చల్లగా నిలవ ఉండాలి. చవక కిట్లలో "లాగర్" అని రాసి లోపల చాలాసార్లు ఏల్ ఈస్టే పెడతారు, మామూలు ఇళ్లలో పనిచేసేది అదే కాబట్టి. కింగ్‌ఫిషర్ రుచి ఊహించుకుని కొంటే నిరాశే. మాది రంగు కాస్త ముదురుగా, వెనకాల కొంచెం పళ్ల వాసనతో, బాగానే ఉంది అనిపించేలా వచ్చింది. డబ్బా మాల్ట్‌కి ఉండే ఒకరకమైన పాకం వాసన కూడా ఉంటుంది, తెలిసినవాళ్లు పట్టేస్తారు. లాగర్‌లో దాన్ని దాచడానికి చోటు లేదు.

దాచగలిగేది స్టౌట్ అనే నల్లబీరు. రెండోసారికి అదే బకెట్‌లో స్టౌట్ డబ్బా వేశాం. వేయించిన బార్లీ చేదు ముందుకొచ్చి చిన్నచిన్న లోపాలన్నీ కప్పేసింది. దాంతో రొయ్యల వేపుడు తిన్న సాయంత్రం మా ఆయన మాట్లాడటం మానేశాడు, అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు. బిట్టర్ రకం కూడా మంచిదే, మిరపకాయ బజ్జీకి దాని చేదు బాగా పనిచేస్తుంది.

మన స్నేహితుల్లో ఎవరికి చెప్పినా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఇంట్లో చేసింది తాగితే కళ్లు పోవూ?" కల్తీ సారా వార్తలు చదివి పెరిగినవాళ్లం, అడగడంలో తప్పులేదు. ఆ చావులకి కారణం పులియడం కాదు, పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ని సారాలో కలపడం. మాల్ట్ పులిస్తే మిథనాల్ లెక్కలోకి రానంత తక్కువ. పైగా ఇక్కడ మనం బట్టీ పెట్టి వంచడం లేదు. బట్టీ పెడితే బ్రిటన్‌లో కూడా లైసెన్సు లేకుండా నేరమే, ఆ పని ఎవరూ చేయొద్దు. బీరు చెడితే పుల్లగా ఉంటుంది, కంపు కొడుతుంది, పారబోస్తాం, అంతే. బాటిల్ బాంబు ఒక్కటే నిజమైన భయం, దానికి హైడ్రోమీటర్ ఉంది.

డబ్బు లెక్క: కొత్త డబ్బా పదిహేను, స్ప్రేమాల్ట్ పన్నెండు, చిల్లర ఖర్చులతో ముప్పై పౌండ్లు అనుకోండి. మడ్డికి పోగా ముప్పై మూడు పైంట్లు చేతికొస్తాయి. పైంటుకి తొంభై పెన్నీలు. చక్కెరతో చేస్తే యాభై పెన్నీలకే వస్తుంది, ఆ నలభై పెన్నీల పొదుపు నాకు అక్కర్లేదు.

మళ్లీ కొనాలంటే ఈ కిట్ కొంటానా అంటే, అయిదుకి మూడున్నర ఇస్తాను. కుళాయి ఉన్న కిట్ పది పౌండ్లు ఎక్కువకి దొరికితే అదే కొనండి. నెలన్నర ఆగలేనివాళ్లు, మెట్ల కింద అర లేనివాళ్లు, ఒక్కరే ఉండి నెలకి రెండు పైంట్లు తాగేవాళ్లు దీని జోలికి రావొద్దు. బకెట్ ఎక్కడ పెట్టాలో తేలకుండా షాపుకి వెళ్లకండి. క్రిస్మస్ సెలవుల్లో స్టౌట్ పోయాలంటే అక్టోబరు మొదటివారంలో ఈస్ట్ పడాలి.